అమెరికాకి ఒక తీరు, ఫ్రాన్సుకి ఒక తీరు

తెనాలిలో గానీ బాపట్లలో గానీ విదేశీ చదువుల కన్సల్టెన్సీ ఫ్లెక్సీలు చూడండి. కాగడా పట్టుకున్న స్వేచ్ఛా ప్రతిమ, ఐఫెల్ టవరు పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండింటికీ దగ్గర చుట్టరికమే ఉంది. 1886లో న్యూయార్కు రేవులో ఆవిష్కరించిన ఆ ప్రతిమ ఫ్రాన్సు ప్రజలు అమెరికాకి ఇచ్చిన కానుక. దానికి రూపం ఇచ్చింది బర్తోల్డి అనే ఫ్రెంచి శిల్పి. లోపల ఇనుప చట్రం నిలబెట్టింది గుస్తావ్ ఐఫెల్. మూడేళ్ల తర్వాత ప్యారిస్‌లో టవరు లేపిందీ ఆయన కంపెనీయే. రాజుల పెత్తనం వద్దని తిరగబడి, స్వేచ్ఛ, సమానత్వం అన్న మాటల మీద నిలబడ్డ దేశాలు రెండూ. ఇంత దగ్గరవాళ్లు కదా, ఒకచోటికని నేర్చుకున్న పద్ధతి రెండోచోటా చెల్లుతుందిలే అనుకుంటాం. మన పిల్లలు దెబ్బతినేది అక్కడే.

మన ప్రాంతానికి అమెరికా పరిచయం ఈనాటిది కాదు. 1842లో ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ మిషనరీ అమెరికా నుంచి గుంటూరు వచ్చాడు. 1883లో పెన్సిల్వేనియా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో ఆడవాళ్లకీ పిల్లలకీ వైద్యం మొదలుపెట్టి ఆస్పత్రి నిలబెట్టింది. 1885లో ఆ మిషన్ వాళ్లు పెట్టిన కాలేజీయే తర్వాత ఆంధ్ర క్రైస్తవ కళాశాల అయింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ బాపట్లలోనూ పనిచేసింది. ఆ తర్వాత కాలంలో బాపట్ల వ్యవసాయ కళాశాల నుంచీ, ఇంజనీరింగ్ కాలేజీ నుంచీ ఎందరో అమెరికా దారి పట్టారు. ఇవాళ తెనాలి నుంచి రేపల్లె వెళ్లే బండిలో ఏ పెట్టె ఎక్కినా "మా అబ్బాయి డాలస్‌లో ఉంటున్నాడండీ" అనే మాట చెవిన పడుతుంది.

ఫ్రాన్సు మాత్రం మనకి పేరు వరకే తెలుసు. ఊరి మధ్యగా పారే మూడు కాలవలనీ, నాటకాలనీ, సాహిత్య గోష్ఠులనీ చూసుకుని తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని మురిసిపోతాం. రేపల్లెకి దగ్గర్లోని నిజాంపట్నం 1750లలో కొన్నేళ్లు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది. 1759లో మచిలీపట్నం కోట పడిపోయాక నిజాం సలాబత్ జంగ్ దాన్ని ఇంగ్లీషువాళ్లకి రాసిచ్చాడు. గోదావరి పక్కన యానాం ఒక్కటి 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో మిగిలింది గానీ, కృష్ణా డెల్టాలో ఆ జ్ఞాపకం చెరిగిపోయి చాలాకాలమైంది.

అందుకని ఫ్రాన్సుకి బయలుదేరే పిల్లలకి కూడా సలహా చెప్పేది అమెరికాలో ఉన్న బాబాయో మేనమామో. నవ్వుతూ పలకరించు, నీ గొప్ప నువ్వే చెప్పుకో, ప్రొఫెసర్నయినా పేరుపెట్టి పిలువు, రాత్రీ పగలూ పనిచేసి కనబడు. అమెరికాలో ఇవన్నీ నిజంగా పనికొచ్చే మాటలే. ఫ్రాన్సులో వీటిలో ప్రతి ఒక్కటీ ఎదురు తిరుగుతుంది.

ఈ అధ్యాయంలో మీకు నేను ఇవ్వాలనుకున్నది ఒక వరుస. అమెరికాలో చనువు ముందు వస్తుంది, గౌరవం మీ పనిని బట్టి తర్వాత దక్కుతుంది. ఫ్రాన్సులో మర్యాద ముందు, చనువు నిదానంగా వెనక. ఈ వరుస మనసులో ఉంటే తక్కిన సందర్భాలు చాలావరకు మీరే పోల్చుకోగలుగుతారు.

గుమ్మం దగ్గర

ప్యారిస్‌లో రొట్టెల కొట్టుకి వెళ్లారనుకోండి. లోపల అడుగు పెట్టగానే కౌంటర్లో ఉన్నావిడకి "బోంజూర్ మదామ్" అనాలి. ఆ తర్వాతే రొట్టె సంగతి. బస్సు ఎక్కేటప్పుడు డ్రైవరుకి, ఆఫీసులో సెక్యూరిటీ మనిషికి, లిఫ్టులో ఎదురైన పక్కింటాయనకి అందరికీ ఇదే. అది చెప్పకుండా "ఎక్స్‌క్యూజ్ మీ, ఇది ఎంత?" అని ఇంగ్లీషులో మొదలుపెట్టినవాడికి మొహం మాడ్చుకుని జవాబిస్తారు. అక్కడ ఆ పలకరింపుకి అర్థం 'నిన్ను అమ్మే మనిషిగా కాక, మనిషిగా చూశాను' అని. అది ఎగ్గొడితే ఎదుటివాళ్లని సామాను కింద జమకట్టినట్టే. ఫ్రెంచివాళ్లకి పొగరెక్కువ అని తిరిగొచ్చి చెప్పేవాళ్లలో చాలామందికి జరిగింది ఇంతే. గొంతు మర్యాదగానే ఉంది, వరుస తప్పింది.

ఇది మనకి కొత్తేమీ కాదు. రేపల్లెలో ఒక పెద్దాయన కొట్టుకి వెళ్లి "చక్కెర కిలో ఇవ్వు" అని నేరుగా అడిగే కుర్రాణ్ణి ఊళ్లో ఏమంటారు? "బాబాయ్, బాగున్నారా" అన్న తర్వాతే బేరం. చిన్నప్పటినుంచీ అబ్బిన ఈ అలవాటుని ఫారిన్ అనగానే వదిలేస్తున్నాం. ఫ్రాన్సుకి దాన్ని తీసుకెళ్లండి, హాయిగా చెల్లుబాటవుతుంది.

అమెరికాలో కౌంటర్లో ఉన్నమ్మాయే ముందు మిమ్మల్ని "హౌ ఆర్ యూ" అని నవ్వుతూ అడుగుతుంది. తెనాలి నుంచి కొత్తగా వెళ్లినవాడు అది నిజంగా క్షేమసమాచారం అనుకుని జలుబు గురించి చెప్పడం మొదలుపెడతాడు. "గుడ్, హౌ ఆర్ యూ" అని తిరిగి అనడం వరకే అక్కడి పద్ధతి. రోడ్డు మీద ఎదురైన అపరిచితులు కూడా నవ్వుతారు. పక్కింటివాళ్లు "ఎప్పుడైనా కలుద్దాం" అంటారు. అది పిలుపు అనుకుని రోజులు లెక్కపెట్టుకుని, చివరికి "అమెరికావాళ్లది పైపై ప్రేమ" అని మనసు కష్టపెట్టుకున్నవాళ్లున్నారు. పైపై ప్రేమ అనడం అన్యాయం. మన ఊళ్లో గుమ్మంలో నిలబడి "భోంచేసి వెళ్లండి" అనడంలో ఎంత నిజముందో అందులోనూ అంతే ఉంది. తారీఖు, టైము చెప్పి పిలిస్తే అది పిలుపు. చెప్పకపోతే అది సుహృద్భావం. దాన్ని అలాగే స్వీకరించండి.

ప్యారిస్ మెట్రోలో ఎవరూ మీ వంక చూసి నవ్వరు. కోపం ఉండి కాదు, తెలియనివాళ్లని చూసి నవ్వడం అక్కడ అలవాటు లేదు. నెలలు గడుస్తాయి. ఒకరోజు తోటి విద్యార్థి శనివారం రాత్రి భోజనానికి ఇంటికి రమ్మంటాడు. ఆ పిలుపుని తేలిగ్గా తీసుకోకండి. చేతిలో పూలో, స్వీటు డబ్బానో పట్టుకెళ్లండి. చెప్పిన టైముకి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లినా పర్వాలేదు గానీ, ముందు మాత్రం వెళ్లకండి. పిలవని స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్లకండి. మాంసం తినరంటే రెండ్రోజుల ముందే చెప్పండి. బల్ల మీదకి వచ్చాక చెబితే వండినవాళ్లకి బాధ.

పేరుపెట్టి పిలవడం గురించి ఇంకో మాట. నెదర్లాండ్స్ పరిశోధకుడు గీర్ట్ హోఫ్‌స్టెడ్ ఐబీఎం ఉద్యోగుల మీద 1967 నుంచి 1973 మధ్య జరిగిన సర్వేల నుంచి ఒక కొలత తయారుచేశాడు. పెద్దా చిన్నా తేడాని ఒక సమాజం ఎంత సహజంగా ఒప్పుకుంటుందో చెప్పే అంకె అది. భారతదేశానికి 77, ఫ్రాన్సుకి 68, అమెరికాకి 40 వచ్చింది. దేశపు సగటుతో ఏ ఒక్క మనిషినీ కొలవలేం. అయినా మనకి ఆ అంకెల్లో ఒక కబురుంది. పైవాళ్లతో నడుచుకునే తీరులో మనం అమెరికా కంటే ఫ్రాన్సుకి దగ్గర. ఫ్రెంచి ప్రొఫెసరు దగ్గర మీరు మీ కాలేజీ మాస్టారి దగ్గర నిలబడ్డట్టే నిలబడవచ్చు, 'మీరు' అని గౌరవించే పలకరింపే వాడాలి, ఆయన చెప్పేదాకా 'నువ్వు' అనే రూపంలోకి దిగకూడదు. అమెరికన్ ప్రొఫెసరు మొదటిరోజే "నన్ను మైక్ అనండి" అంటాడు. మనకి నోరు రాదు, అయినా అనాలి. అనకుండా "సర్, సర్" అంటూ దూరంగా నిలబడితే ఈ పిల్లాడికి ఆసక్తి లేదనుకుంటాడు. వారానికి కొన్ని గంటలు విద్యార్థుల కోసమే తలుపు తీసి కూర్చుంటాడు. ఆ గదికి వెళ్లండి. మన పిల్లలు అమెరికాలో ఎక్కువగా పోగొట్టుకునే అవకాశం అదే.

ఇరవైకి పద్నాలుగు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. తల్లిదండ్రుల కన్నీళ్లు ఎక్కువగా ఇక్కడే చూశాను.

ఫ్రాన్సులో మార్కులు ఇరవైకి వేస్తారు. పది వస్తే పాసు. పన్నెండు దాటితే ఫర్వాలేదు అనే శ్రేణి, పద్నాలుగుకి మంచి శ్రేణి, పదహారుకి చాలా మంచి శ్రేణి. ఇరవైకి ఇరవై అన్నది, ముఖ్యంగా వ్యాసంలా రాసే సబ్జెక్టుల్లో, దాదాపు ఎవరికీ రాదు. ఇప్పుడు బాపట్ల నుంచి వెళ్లిన అమ్మాయిని ఊహించుకోండి. పదో తరగతి నుంచీ తొంభై అయిదుకి తగ్గని పిల్ల. మొదటి సెమిస్టర్‌లో పదమూడు వచ్చింది. ఆ అంకెని అయిదుతో గుణించి "అరవై అయిదు" అని ఫోన్లో చెబుతుంది. అవతల నాన్నగారు మౌనమైపోతారు. "అక్కడికి వెళ్లి చెడిపోయిందేమో" అని అమ్మ. ఆ పిల్ల తరగతిలో మొదటి నలుగురిలో ఒకతె అయి ఉండొచ్చన్న సంగతి ఈ గుణకారంలో కనబడదు.

అమెరికాలో దీనికి తలకిందులు. నాలుగుకి మూడున్నర దాటిన జీపీఏలు ఎందరికో ఉంటాయి. ప్రొఫెసరు మీ పేపరు తిరిగిచ్చేటప్పుడు ముందు బాగున్నది చెబుతాడు, "చాలా ఆసక్తికరమైన ప్రయత్నం" అంటాడు, ఆ తర్వాత మెల్లగా "ఈ భాగం గురించి ఇంకోసారి ఆలోచిస్తావేమో" అంటాడు. మన కుర్రాడు మొదటి రెండు వాక్యాలు విని సంతోషంగా బయటికొస్తాడు. అసలు మాట మూడోది. అమెరికన్ పొగడ్తలో విమర్శ చివర్న ఉంటుంది, మెత్తగా ఉంటుంది. దాన్ని వినడం నేర్చుకోవాలి. ఫ్రెంచి ప్రొఫెసరు నేరుగా "నీ రెండో భాగం నిలబడదు, ఆధారం ఏదీ?" అంటాడు, మిగతా బాగున్నదాని గురించి నోరెత్తడు. అది కోపం కాదు. బాగున్నదాన్ని ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదన్నది అక్కడి బడి సంప్రదాయం. ఏమీ అనకుండా పక్కన పెట్టిన పేరాలన్నీ నెగ్గినట్టే లెక్క.

కాబట్టి ఫ్రాన్సు వెళ్లేవాళ్లు ముందే ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి ఈ ఇరవై లెక్క చెప్పండి. శాతంలోకి మార్చకండి. తరగతి సగటు ఎంత, నాకెంత అని చెప్పండి. సగటు పదకొండున్నప్పుడు పదమూడంటే ఏమిటో నాన్నగారికి వెంటనే తెలుస్తుంది.

ఈ సందర్భంలోనే మనవాళ్లకి ఆశ్చర్యం కలిగించే ఇంకో సంగతి. ఫ్రాన్సులో పెద్ద పేరున్న ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ స్కూళ్లలో చేరడానికి అక్కడి పిల్లలు ప్లస్ టూ అయ్యాక రెండేళ్లు సన్నాహక తరగతుల్లో కూర్చుని, పగలూ రాత్రీ చదివి, పోటీ పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకోవాలి. గుంటూరు, విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఎంసెట్‌కీ, ఐఐటీకీ చదివిన పిల్లలకి ఆ జీవితం కొత్తగా చెప్పనక్కర్లేదు. 1794లో మొదలైన ఎకోల్ పాలిటెక్నిక్ లాంటి చోట చదివితే ఆ పేరు మనిషికి అరవయ్యో ఏట కూడా తోడొస్తుంది. అమెరికాలో అయితే ఎంట్రన్సు ర్యాంకు ఒక్కటే చాలదు. నువ్వు ఏం చేశావు, ఏ కష్టం దాటావు, ఊరికి ఏం చేశావు అని వ్యాసాలు రాయించుకుంటారు. పరీక్ష గదిలో తేల్చుకోవడం అలవాటైన మన పిల్లలకి ఫ్రెంచి పద్ధతి లోలోపల సులువుగా అర్థమవుతుంది. అమెరికా పద్ధతికే ఎక్కువ సాధన కావాలి. అందరూ దీన్ని తిరగేసి అనుకుంటారు.

వాదన, భోజనబల్ల

ఫ్రెంచి బడిలో పిల్లలకి నేర్పే వ్యాసంలో ముందు ఒక పక్షం, తర్వాత దానికి ఎదురుపక్షం, ఆ తర్వాత రెండింటినీ కలిపిన తీర్పు ఉండాలి. ఇంటర్ స్థాయిలో రాసే బాకలోరియా పరీక్షలో తత్వశాస్త్రం పేపరే నాలుగు గంటలు ఉంటుంది. అలా పెరిగినవాళ్లు భోజనం దగ్గర రాజకీయాలు, మతం, సినిమా ఏదొచ్చినా వాదిస్తారు. మాట మధ్యలో అడ్డం పడతారు. అమెరికాలో స్థిరపడ్డ ఫ్రెంచి మానవశాస్త్రవేత్త రేమొండ్ కారోల్ 1987లో ఈ రెండు సమాజాల గురించి ఒక పుస్తకం రాసింది. అందులో ఆమె గమనించినది ఇది: ఫ్రెంచివాళ్లు మాటకి అడ్డం పడేది మీ మాట మీద ఆసక్తితో, అమెరికన్లకి అదే అమర్యాదగా తోస్తుంది. అమెరికన్ భోజనబల్ల దగ్గర ఒకరి మాట పూర్తయ్యాకే ఇంకొకరు అందుకుంటారు. రాజకీయాలూ మతమూ కొత్తవాళ్ల మధ్య ఎత్తరు. పని ఏం చేస్తారు, ఏ ఊరి నుంచి వచ్చారు అని మాత్రం మొదటి నిమిషంలోనే అడుగుతారు. ఫ్రాన్సులో ఆ ప్రశ్నే తొందరపాటు. జీతం సంగతి రెండుచోట్లా అడగకూడదు, ఫ్రాన్సులో అసలే కూడదు. "ప్యాకేజీ ఎంత?" అని పెళ్లి పందిట్లో అడిగే మన అలవాటుని విమానం ఎక్కేముందే వదులుకోవాలి.

తెనాలివాళ్లకి వాదన కొత్తా? త్రిపురనేని రామస్వామి చౌదరి ఇల్లు సూతాశ్రమం ఈ ఊళ్లోదే. పురాణాలని కోర్టులో సాక్షుల్లా నిలబెట్టి అడ్డప్రశ్నలు వేసిన మనిషి, ఈ ఊరి మున్సిపల్ చైర్మన్‌గానూ పనిచేశాడు. ఎం.ఎన్. రాయ్ నవ్య మానవవాదాన్ని ఆంధ్రలో చాటిన ఆవుల గోపాలకృష్ణమూర్తి తెనాలి వకీలు. కొడవటిగంటి కుటుంబరావు ఇక్కడే పుట్టాడు. ఇంతటి వాదనా సంప్రదాయం ఉన్న ఊరి పిల్లలు ఫ్రాన్సులో భోజనబల్ల దగ్గర తలవంచుకుని కూర్చోవడం నాకు బాధనిపిస్తుంది. 'నేనొప్పుకోను, ఎందుకంటే...' అని మొదలుపెట్టండి. అక్కడ స్నేహానికి దారి అదే. ఎదుటివాడు రెచ్చిపోయి వాదించి, చివర్న మీకే జున్నుముక్క కోసి పెడతాడు. ఆ వాదన మర్నాడు గుర్తుంచుకోడు. అమెరికాలో అదే మాటని "మీ ఉద్దేశం అర్థమైంది, ఇంకో కోణం కూడా ఉందేమో" అంటూ అందించాలి.

పని గంటలు

ఫ్రాన్సులో వారానికి 35 గంటల పని చట్టం 2000లో అమల్లోకి వచ్చింది. జీతంతో కూడిన సెలవు 1936లో రెండు వారాలుగా మొదలై, 1982 నాటికి అయిదు వారాలైంది. 2017 జనవరి నుంచి, యాభై మందికి పైగా ఉద్యోగులున్న సంస్థలు పని వేళలు దాటాక ఫోన్లూ మెయిళ్లూ ఎప్పుడు ఆగాలో ఉద్యోగులతో మాట్లాడుకోవాలి. అమెరికా ఫెడరల్ చట్టంలో జీతంతో కూడిన సెలవు ఒక్కరోజు కూడా తప్పనిసరి కాదు. కంపెనీ ఇష్టం. ఉద్యోగంలోంచి తీసేయడానికి కూడా చాలా రాష్ట్రాల్లో కారణం చెప్పనక్కర్లేదు. ఫ్రాన్సులో ప్రొబేషన్ దాటిన పర్మినెంటు ఉద్యోగిని తీసేయాలంటే కారణం చూపాలి, నోటీసు ఇవ్వాలి.

ఇది తెలిస్తే ప్రవర్తనలు అర్థమవుతాయి. రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని చోట మనిషి తన పనిని తానే కనిపించేట్టు చేసుకుంటాడు. అమెరికాలో వారం వారం ఏం చేశారో రాసి మేనేజరుకి పంపండి, మీటింగులో మొదటి పది నిమిషాల్లో ఒక మాటైనా మాట్లాడండి. వీసా మీద ఉన్నవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి సాధారణంగా ఇచ్చే గడువు 60 రోజులే. ఫ్రాన్సులో రాత్రి పదింటికి మెయిలు పంపితే మీ మేనేజరు మెచ్చుకోడు, ఈ మనిషికి పగలు పని సర్దుకోవడం రాదనుకుంటాడు. మధ్యాహ్నం భోజనానికి తోటివాళ్లతో కలిసి వెళ్లండి. డెస్కు దగ్గరే టిఫిన్ బాక్సు విప్పుకోవడాన్ని ఫ్రెంచి కార్మిక చట్టం చాలాకాలంగా ఒప్పుకోలేదు కూడా. ఆ గంటలోనే ఆఫీసు సంగతులు సగం తేలతాయి, మీ గురించి అభిప్రాయం ఏర్పడేదీ అక్కడే. అంతమాత్రాన ఫ్రెంచివాళ్లు సోమరులన్న మాట నమ్మకండి. పనిచేసిన గంటకి ఎంత ఉత్పత్తి అన్న లెక్కలో వాళ్లు సంపన్న దేశాల వరుసలోనే ఉన్నారు.

రెండుచోట్లా రాణించిన తెలుగువాడు ఉన్నాడు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన ఎన్. కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, 1950ల మొదట్లో ప్యారిస్ చేరాడు. అక్కడ హేటర్ అనే కళాకారుడు నడిపే అతెలియే 17 అనే ముద్రణ కళా స్టూడియోలో పనికి కూర్చున్నాడు. రంగుల చిక్కదనం తేడాతో ఒకే లోహపు పలక మీద నుంచి ఒకేసారి పలు రంగులు దింపే పద్ధతికి అక్కడే రూపం ఇచ్చిన కొద్దిమందిలో ఒకడయ్యాడు, ఆ స్టూడియోకి సహ నిర్దేశకుడయ్యాడు. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఆ దశకంలోనే న్యూయార్కు వెళ్లి న్యూయార్క్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి ఆ విద్యనే బోధించాడు, 2018లో అక్కడే కన్నుమూశాడు. ప్యారిస్ ఆయనకి ఒక గదిలో ఏళ్లకేళ్లు చేయి తిప్పుకునే అవకాశమిచ్చింది. న్యూయార్కు ఆ చేతి విద్యని వందలమందికి పంచే వేదిక ఇచ్చింది. నా లెక్కలో ఆ రెండు దేశాలూ మనిషికి ఇవ్వగలిగినవి అవే.

బొట్టు, సంఘం

1831లో ఇరవై అయిదేళ్ల ఫ్రెంచి యువకుడు అలెక్సి ద తోక్‌విల్ అమెరికా జైళ్లు చూడటానికని వెళ్లి, తొమ్మిది నెలలు తిరిగి, ఆ సమాజం గురించే పెద్ద పుస్తకం రాశాడు. ఫ్రాన్సులో ప్రభుత్వం చేసే పనిని అమెరికన్లు సంఘం పెట్టుకుని తామే చేసుకుంటున్నారని ఆశ్చర్యపోయాడు. 1977లో మొదలైన అక్కడి తెలుగు సంఘం తానా ఆ అలవాటు మనవాళ్లకి ఎంత బాగా అబ్బిందో చూపిస్తుంది. అమెరికాలో మీ తెలుగుతనం, మీ గుడి, మీ చర్చి, మీ బొట్టు బాహాటంగా మీవే. జనాభా లెక్కల్లోనూ జాతి ఏమిటని అడుగుతారు.

ఫ్రాన్సు దారి వేరు. 1905 చట్టంతో ప్రభుత్వాన్నీ మతాన్నీ విడదీశారు. 2004 నుంచి ప్రభుత్వ స్కూళ్లలో పిల్లలు కొట్టొచ్చినట్టు కనబడే మతచిహ్నాలు పెట్టుకోకూడదు. యూనివర్సిటీ విద్యార్థులకి ఆ నిషేధం వర్తించదు, చిన్న బొట్టుకో మెడలో సన్నటి శిలువకో భయపడక్కర్లేదు. జనాభా లెక్కల్లో జాతి, మతం రాయరు. మీరెవరన్నది మీ ఇంటి సంగతి, బయట అందరూ ఒకటే అన్నది వాళ్ల ఆదర్శం. ఆ ఆదర్శం ఆచరణలో ఎంత నిలబడిందన్నది ఫ్రాన్సులోనే తెగని చర్చ. మీ వరకు, ఆఫీసులో దేవుడి పటం పెట్టుకోకండి, పండగ సెలవుని సొంత సెలవుగా అడగండి. తెలుగు మాత్రం ప్యారిస్‌లో పరాయిది కాదు. ఇనాల్కో అనే ప్రాచ్య భాషల సంస్థలో తెలుగు చెబుతారు. బుర్రకథ మీద పరిశోధన చేసిన దానియెల్ నెజెర్స్ అక్కడ తెలుగు బోధించాడు.

బయలుదేరేముందు

బయోడేటా దగ్గర మొదలుపెట్టండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లి అయిందా లేదా అన్నవి అమెరికన్ రెజ్యూమేలో ఉండకూడదు, ఫొటో అసలే వద్దు. నేను ఇది చేశాను, దానివల్ల ఇంత ఫలితం వచ్చింది అని అంకెలతో రాయాలి. ఫ్రెంచి సీవీ ఒక పేజీ, ఫొటో పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, చదివిన చోటు పైన ఉండాలి. జతచేసే ఉత్తరం నెమ్మదిగా, సొంత డబ్బా లేకుండా, చివర మర్యాద వాక్యంతో ముగియాలి. ఒకే ఉత్తరాన్ని రెండు దేశాలకీ పంపితే రెండుచోట్లా తేలిపోతారు.

అమెరికా వీసా ఇంటర్వ్యూ కిటికీ దగ్గర నిలబడి కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. వచ్చినవాడు తిరిగి వెళ్లడనే అనుమానంతోనే చట్టం మొదలవుతుంది, కాదని చూపించే భారం మీది. జవాబు ముందు, వివరణ తర్వాత. ఫ్రాన్సుకైతే వీసాకి ముందు క్యాంపస్ ఫ్రాన్స్ వాళ్లు కూర్చోబెట్టి, ఈ కోర్సే ఎందుకు, ఇంతకుముందు చదివినదానికీ దీనికీ సంబంధం ఏమిటి అని అడుగుతారు. అక్కడ ఆలోచన గొలుసు కనబడాలి. ఇద్దరు స్నేహితులు కలిసి సాయంత్రాలు ఒకే ప్రశ్నకి రెండు రకాలుగా జవాబులు చెప్పుకుని చూడండి. వారం తిరిగేసరికి తేడా నోటికి అలవాటవుతుంది.

టిప్పు సంగతి చిన్నదే గానీ అవమానం పెద్దది. అమెరికాలో హోటల్లో వడ్డించేవాళ్లకి ఫెడరల్ కనీస వేతనం 1991 నుంచి గంటకి 2.13 డాలర్లే, మిగతాది మీరిచ్చే టిప్పు. అందుకే నూటికి 15 నుంచి 20 ఇవ్వాలి. ఫ్రాన్సులో సేవ ఖర్చు బిల్లులోనే ఉంటుంది. చిల్లర వదిలేస్తే చాలు.

ఫ్రాన్సు వెళ్లేవాళ్లు శనివారం రాత్రి దిగేట్టు టికెట్ కొనకండి. ఆదివారం చిన్న ఊళ్లలో కొట్లు చాలావరకు మూసేస్తారు, ఆగస్టులో ఇంకా ఎక్కువ. వారం మధ్యలో, పగలు దిగండి. అమెరికా వెళ్లేవాళ్లకి కొట్టు తెరిచే ఉంటుంది, వెళ్లడానికి కారే ఉండదు. మొదటి వారం సామాన్లకి ఎవరి కారులో వెళ్తారో ఇక్కడినుంచే మాట్లాడి పెట్టుకోండి. ఆ కారు ఇచ్చిన సీనియర్‌కి పెట్రోలు డబ్బులు మీరే అడిగి ఇవ్వండి, అక్కడ అడిగి తీసుకోవడానికి మనవాళ్లు మొహమాటపడతారు.